కొత్త చైన్‌సాకి అప్పుడే సైలెన్సర్ కోయాలా?

ప్రశ్న: మూడు వారాల కిందట 50 సీసీ చైన్‌సా కొన్నాను. 18 అంగుళాల బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పలక), .325 అంగుళాల పిచ్ (లింకుల కొలత) చైను, దాన్ని తిప్పే ఏడు పళ్ల స్ప్రాకెట్. తోటలో గాలికి పడిపోయిన చెట్లు చాలా ఉన్నాయి. వాటిని ముక్కలు చేసి వంటచెరకుకి, కంచె గుంజలకి వాడుకుందామని కొన్నాను. దుంగలు ఎక్కువగా 10 నుంచి 14 అంగుళాల లావు. ఇంతకుముందు ఈ పని చేసిన అనుభవం లేదు. క్లాస్ 1 రక్షణ ప్యాంటు, హెల్మెట్ కొనుక్కున్నాను.

మా చిన్నాన్న ఏళ్ల తరబడి పాత మిషన్ వాడిన మనిషి. పెట్రోల్లో ఆయిల్ 25:1 కలపాలంటారు. మాన్యువల్‌లో 50:1 అని ఉంది. ఎటూ తేలక ఇద్దరికీ మధ్యలో ఉంటుందని 40:1 కలిపి వాడుతున్నాను. చైనుకి పోసే నూనె దండగ, బండిలోంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ చాలని కూడా ఆయనే చెప్పారు. స్నేహితుడేమో ఫుల్ చిజెల్ చైను (వాడి మూలల పళ్లున్నది), 24 అంగుళాల బార్ వేయమంటాడు. తన దగ్గరున్న 3/8 చైన్లు రెండు ఇచ్చాడు కూడా. మా బావ బైక్ మెకానిక్. సైలెన్సర్ కోసి రంధ్రం పెద్దది చేసి, కార్బొరేటర్ స్క్రూల మీది ప్లాస్టిక్ క్యాపులు పీకేసి, ఎనిమిది పళ్ల స్ప్రాకెట్ వేస్తే మిషన్ దూసుకుపోతుందంటాడు. ఈ ఆదివారం వస్తున్నాడు, స్ప్రాకెట్ కూడా కొనేశాడు.

నిజానికి మొదటి వారం మిషన్ బాగానే కోసింది. ఇప్పుడు బలమంతా పెట్టి నొక్కాల్సి వస్తోంది, కోత కుడివైపుకి పోతోంది, పొట్టు పిండిలా రాలుతోంది. బావ చెప్పినట్టు పవర్ చాలట్లేదేమో. వద్దంటే ఆయన నొచ్చుకుంటాడు, ఒప్పుకుంటే కొత్త మిషన్ ఏమవుతుందోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి చివర్లో ఉంది. మీరు దాన్ని సైలెన్సర్ వైపు వాదనగా రాశారు, నాకేమో చైను సంగతి చెబుతున్నట్టు అనిపించింది. పొట్టు పిండిలా రావడం, నొక్కితే గానీ దిగకపోవడం, కోత ఒక పక్కకి పోవడం. ఈ మూడూ కలిసి వచ్చాయంటే చైను మొద్దుబారింది. మొదటి వారం బాగా కోసిన ఇంజన్ మూడో వారానికి బలహీనపడటం కంటే, నేల మీద పడున్న దుంగల్ని కోస్తూ చైను మట్టిని తాకి ఉండటానికే ఎక్కువ అవకాశం. చెట్టు పడినప్పుడు బెరడులో ఇసుక ఇరుక్కుపోతుంది. దుంగ అడుగున బార్ కొన ఒక్క క్షణం నేలకి తగిలినా చాలు, పళ్ల మూలలు గుండ్రంగా అరిగిపోతాయి. కుడివైపుకి పోతోందంటే ఆ పక్క పళ్లు ఎడమవాటి కంటే పదునుగానో పొడవుగానో మిగిలాయని. కోసేటప్పుడు ఏదైనా రాయి తగిలి ఉంటే ఎడమ వైపు పళ్లు ఎక్కువ దెబ్బతిని ఉంటాయి.

అందుకే ఆదివారానికి ముందు ఒక పని చేయండి. .325 చైనుకి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, దాన్ని సరైన ఎత్తులో పట్టుకునే గైడు, చదునైన ఆకురాయి, డెప్త్ గేజ్ కొలిచే చిన్న పలక తెచ్చుకోండి. ఇంజన్ ఆపి, బార్‌ని గట్టిగా బిగించి, అన్నిటికంటే పొట్టిగా అరిగిన పన్ను ఏదో వెతకండి. మిగతా పళ్లన్నీ దాని పొడవుకే రావాలి. చాలా చైన్లలో పన్ను పైన ఒక సన్నని గీత ఉంటుంది. సాధారణంగా 30 డిగ్రీలు, ఆకురాయి ఆ గీతకి సమాంతరంగా పోవాలి. లోపలి నుంచి బయటికి తోసేటప్పుడే రుద్దాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయాలి. ఒక వైపు పళ్లన్నీ అయ్యాక రెండో వైపుకి తిరగండి. పన్ను అంచు మీద వెలుగు మెరుస్తూ కనిపిస్తోందంటే అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టే. నిజంగా పదునైన అంచు మీద మెరుపు ఉండదు.

ప్రతి పన్ను ముందూ చిన్న మొటిమలాంటి డెప్త్ గేజ్ ఉంటుంది. పన్ను కర్రని ఎంత లోతుగా పట్టాలో నిర్ణయించేది అదే. పళ్లు అరిగి కిందికి దిగేకొద్దీ దాన్ని కూడా దించాలి. ఈ సైజు చైన్లలో పన్ను అంచుకీ దానికీ మధ్య తేడా సుమారు 0.65 మిల్లీమీటర్లు ఉంచుతారు. మీ చైను ప్యాకెట్ మీద వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. వేగం కోసం దాన్ని ఇంకా దించేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే పన్ను కర్రని కొరికి పట్టేస్తుంది, మిషన్ కుదుపుతుంది, బార్ ఎగిరి మనిషి మీదికొచ్చే ప్రమాదం పెరుగుతుంది. కొత్తగా నేర్చుకుంటున్న మీరు ఆ జోలికి పోవద్దు.

పదును కుదిరితే పొట్టు పిండిలా కాకుండా రేకుల్లా, చిన్న చిన్న ముక్కల్లా రాలుతుంది. మిషన్ తన బరువుతో తానే దిగుతుంది. అప్పుడు కూడా కోత వంకరగా పోతుంటే బార్ అంచులు సమంగా అరిగాయో లేదో చూడాలి. అప్పుడు కూడా పవర్ చాలట్లేదనిపిస్తేనే ఇంజన్ గురించి మాట్లాడటంలో అర్థం ఉంది. నా అంచనా, అంతదాకా రాదు.

ఇక ఆయిల్. టూ-స్ట్రోక్ ఇంజన్‌కి విడిగా ఆయిల్ సంపు (నూనె నిలవుండే తొట్టి) ఉండదు. పిస్టన్‌కీ, క్రాంక్ బేరింగులకీ అందే నూనె మొత్తం మీరు పెట్రోల్లో కలిపిందే. కాబట్టి చిన్నాన్నగారి భయం అర్థం లేనిది కాదు. ఆయన వాడిన రోజుల్లో మినరల్ ఆయిల్స్‌తో 25:1 కలపడం మామూలే. ఇప్పటికీ కొన్ని మాన్యువల్స్‌లో సొంత బ్రాండ్ ఆయిల్ అయితే 50:1, మరొకటైతే 25:1 అని రాసి ఉంటుంది. అందుకని నిష్పత్తి కంటే ముందు మీ చేతిలో ఉన్న డబ్బా చూడండి. దాని మీద జాసో ఎఫ్‌డీ, లేదా ఐఎస్ఓ ఈజీడీ అని ఉంటే అది గాలితో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్లకి పై స్థాయి ఆయిల్. మాన్యువల్ దాన్ని ఒప్పుకుంటే 50:1 నిశ్చింతగా వాడొచ్చు. టీసీ-డబ్ల్యూ3 అని ఉంటే అది నీళ్లతో చల్లబడే పడవ ఇంజన్లకి చేసింది, చైన్‌సాకి వద్దు. బైకుల్లో పోసే ఫోర్-స్ట్రోక్ ఇంజన్ ఆయిల్ అసలే వద్దు.

లెక్క తేలిక. లీటరు పెట్రోల్‌కి 50:1 అంటే 20 మిల్లీలీటర్లు, 40:1 అంటే 25, 25:1 అంటే 40. మీరు కలిపిన 40:1కి, మాన్యువల్ చెప్పినదానికి తేడా లీటరుకి 5 మిల్లీలీటర్లే. మీ మిషన్‌కి దానివల్ల ఏ హానీ జరిగి ఉండదు. అయితే ఎక్కువ నూనె పోస్తే ఎక్కువ రక్షణ అనే లెక్క ఒక హద్దు దాకానే పనిచేస్తుంది. మంచి ఆయిల్‌తో 25:1 కలిపితే పొగ పెరుగుతుంది, ప్లగ్ నల్లబడుతుంది, ఎగ్జాస్ట్ దారిలో, సైలెన్సర్ జాలీలో మసి పేరుకుంటుంది. కార్బొరేటర్ సెట్టింగ్ మార్చకుండా నూనె పెంచితే, ఆ నూనె ఆక్రమించిన మేరకు పెట్రోల్ తగ్గి గాలి వాటా కాస్త పెరుగుతుంది. నూనె పోసి ఇంజన్‌ని చల్లగా ఉంచుతున్నాం అనుకుంటాం గానీ, మిశ్రమం జరిగేది వేడి వైపుకే.

నిష్పత్తి కంటే నేను ఎక్కువ జాగ్రత్తపడేది పెట్రోల్ విషయంలో. బంకులో దొరికే పెట్రోల్లో ఇథనాల్ కలిసి ఉండొచ్చు. చాలా చైన్‌సా మాన్యువల్స్ 10 శాతం దాకా ఒప్పుకుంటాయి, అంతకు మించితే ఒప్పుకోవు. ఇథనాల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి డబ్బా అడుక్కి చేరతాయి. మీ ట్యాంకులో ఇంధనం పీల్చే గొట్టం, ఫిల్టర్ ఉండేది కూడా అడుగునే. అంటే నూనె లేని ఆ పొర నేరుగా ఇంజన్లోకి పోతుంది. పైగా కార్బొరేటర్ లోపలి పల్చటి రబ్బరు పొరలు, గొట్టాలు ఇథనాల్ ఉన్న పాత పెట్రోల్లో నానితే గట్టిపడి పగులుతాయి. మూలపడేసిన మిషన్లు మళ్లీ స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీనికి మూడు దారులున్నాయి. ఇథనాల్ లేని పెట్రోల్ దొరికితే అది మేలు. దొరక్కపోతే మాన్యువల్ ఒప్పుకునే హద్దులో ఉన్న మామూలు పెట్రోలే, కానీ ఒక్కసారికి ఒకట్రెండు లీటర్లు మాత్రం కలిపి నెలలోపు వాడేయడం, మిషన్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజన్ నడపడం. మూడోది, ఆయిల్ ముందే కలిపి డబ్బాల్లో వచ్చే ఆల్కిలేట్ ఇంధనం. ఇందులో ఇథనాల్ ఉండదు, బెంజీన్ దాదాపు ఉండదు కాబట్టి పొగ పీల్చే మనిషికీ మంచిది, మూత తీయకపోతే ఏళ్ల తరబడి చెడదు. ధర మాత్రం మామూలు పెట్రోల్ కంటే చాలా ఎక్కువ. ఏడాదికి నాలుగు రోజులు వాడేవాళ్లకి ఆ ఖర్చు గిట్టుబాటే. మీకిప్పుడు రోజూ పని ఉంది గనక రెండో దారి చాలు. తోట శుభ్రమయ్యాక, మిషన్ అటకెక్కే ముందు చివరి ట్యాంకు ఆల్కిలేట్ పోస్తే ఇంకా మంచిది. ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్ పోస్తే పవర్ వస్తుందనే మాట నమ్మొద్దు. మాన్యువల్ అడిగిన ఆక్టేన్ ఉంటే చాలు, ఆ పైన పెట్టేది డబ్బు ఖర్చే.

చైను నూనె విషయంలో మాత్రం చిన్నాన్నగారి మాట వినొద్దు. వాడేసిన ఇంజన్ ఆయిల్లో లోహపు రజను ఉంటుంది, చర్మానికి మంచిది కాదు, పైగా చైనుని అంటిపెట్టుకోకుండా కొనదాకా పోయేసరికి చిమ్మి బయట పడిపోతుంది. చైన్ ఆయిల్లో జిగురుగుణం ఉండటానికి కారణమే అది. పెట్రోల్ నింపిన ప్రతిసారీ దీన్నీ నింపండి. నూనె వస్తోందా లేదా అని అనుమానమైతే, మిషన్ నడుస్తుండగా బార్ కొనని తాజాగా కోసిన మొద్దు ముఖానికి దగ్గరగా, తగలకుండా పట్టుకోండి. సన్నని నూనె గీత పడాలి.

స్నేహితుడిచ్చిన 3/8 చైన్లు మీ మిషన్‌కి పడవు. చైను సరిపోవాలంటే మూడు లెక్కలు కలవాలి: పిచ్, అంటే వరసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం, గేజ్, అంటే బార్ గాడిలో దిగే డ్రైవ్ లింక్ మందం, ఇక డ్రైవ్ లింకుల సంఖ్య. పిచ్ మారితే స్ప్రాకెట్ మారాలి, బార్ కొనలో తిరిగే చక్రమూ మారాలి. ‘కాస్త కొట్టి ఎక్కిద్దాం’ అంటే డ్రైవ్ లింకులు, స్ప్రాకెట్ పళ్లు రెండూ పాడవుతాయి.

ఫుల్ చిజెల్ గురించి ఆయన చెప్పింది నిజమే, కాకపోతే వేరే కర్రకి. ఆ చైనులో పన్ను మూల చతురస్రంగా, వాడిగా ఉంటుంది. శుభ్రమైన, పచ్చి కర్రలో దాని వేగం సెమీ చిజెల్‌కి రాదు. మట్టి తగిలితే మాత్రం మొదట పోయేది ఆ వాడి మూలే. సెమీ చిజెల్ మూల కాస్త గుండ్రంగా ఉంటుంది, కొంచెం నెమ్మదిగా కోస్తుంది, కానీ మట్టిలో, ఎండి గట్టిపడ్డ దుంగల్లో ఎక్కువసేపు పదును నిలుపుకుంటుంది, పదును పెట్టడంలో చిన్న తేడా వచ్చినా సర్దుకుపోతుంది. నేల మీద పడున్న చెట్లకి నేనైతే సెమీ చిజెల్‌కే ఓటేస్తాను. మీ సైజులో కిక్‌బ్యాక్ (బార్ ఎగిరి మనిషి మీదికి రావడం) తగ్గించే చైను దొరికితే మొదటి ఏడాది అదే వాడినా నష్టం లేదు, బార్ కొనతో పొడిచి కోసేటప్పుడు తప్ప తేడా పెద్దగా తెలియదు. ఒకే రకం చైన్లు మూడు కొనుక్కుని మార్చి మార్చి వాడండి. ఒకటి మొద్దుబారగానే మార్చేసి, పదును పెట్టడం ఇంటికెళ్లి నింపాదిగా చేసుకోవచ్చు.

24 అంగుళాల బార్ మీకెందుకో నాకు అర్థం కాలేదు. 14 అంగుళాల దుంగకి 18 చాలు. అంతకన్నా లావుది ఎప్పుడో వస్తే రెండు వైపుల నుంచీ కోయొచ్చు. పొడవు బార్ అంటే తిప్పాల్సిన చైను, నూనె పట్టించాల్సిన దూరం రెండూ పెరుగుతాయి. 50 సీసీ ఇంజన్‌కి, దాని ఆయిల్ పంపుకి అది భారమే. ముందు బరువు పెరిగి నడుము కూడా పట్టేస్తుంది.

ఇప్పుడు బావగారి ప్లాన్. సైలెన్సర్ కోస్తే పవర్ పెరుగుతుందన్న మాటలో నిజం ఉంది. శబ్దం, పొగ తగ్గించడానికి కంపెనీ ఆ దారిని బిగించి ఉంచుతుంది. దాన్ని తెరిస్తే ఇంజన్ ఎక్కువ గాలి పీలుస్తుంది. అక్కడితో ఆగితే మిశ్రమం పల్చబడుతుంది, కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోల్ పెంచాలి, అందుకే ఆ క్యాపులు పీకడం. ఆయన ఆలోచన తప్పు కాదు. ప్రమాదం ఎక్కడంటే, బైక్ ఇంజన్లో నూనె విడిగా ఉంటుంది. మిశ్రమం కాస్త పల్చనైనా పిస్టన్‌కి నూనె అందుతూనే ఉంటుంది. చైన్‌సాలో పెట్రోల్ తగ్గితే నూనె కూడా తగ్గుతుంది, అదీ పూర్తి వేగంలో. ఆ స్థితిలో ఇంజన్ గొంతు సన్నబడి, చురుగ్గా పరిగెడుతున్నట్టు, ఎప్పుడూ లేనంత బాగా ఉన్నట్టు అనిపిస్తుంది. ఆ తర్వాత పట్టేస్తుంది. చెవితో ట్యూన్ చేయడం ఈ ఇంజన్లు బాగా అలవాటైన వాళ్లకే కుదురుతుంది, మిగతావాళ్లకి టాకోమీటర్ (ఇంజన్ చుట్లు కొలిచే పరికరం) కావాల్సిందే. ఇక మీది కంప్యూటర్ కార్బొరేటర్‌ని సర్దుకునే రకమైతే తిప్పడానికి స్క్రూలే ఉండవు, అది సర్దగలిగేది కూడా కొంత హద్దు దాకానే.

ఇంకో సంగతి, సైలెన్సర్ లోపల నిప్పురవ్వల్ని ఆపే జాలీ ఉంటుంది. కోసేటప్పుడు చాలామంది దాన్ని పీకి పారేస్తారు. ఎండాకుల మధ్య పనిచేసే మీకు అది చాలా అవసరం. వారంటీ పోవడం ఎలాగూ ఉంది. శబ్దం ఇప్పటికే 100 డెసిబెల్స్ పైన ఉంటుంది, అది ఇంకా పెరుగుతుంది.

ఎనిమిది పళ్ల స్ప్రాకెట్ సైకిల్ గేరు మార్చడంలాంటిది, వేగం వస్తుంది, బలం పోతుంది. లెక్క చూడండి. .325 పిచ్ అంటే సుమారు 8.25 మిల్లీమీటర్లు. ఒక్కో స్ప్రాకెట్ పన్ను చైనుని రెండు పిచ్‌ల దూరం లాగుతుంది. ఏడు పళ్లయితే ఒక చుట్టుకి 115 మిల్లీమీటర్ల పైచిలుకు, ఎనిమిదైతే 132. నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతున్నప్పుడు మొదటిదాంట్లో చైను సెకనుకి 19 మీటర్ల పైన, రెండోదాంట్లో 22 మీటర్లు పరిగెడుతుంది. మీ క్లాస్ 1 ప్యాంటుని పరీక్షించే వేగం సెకనుకి 20 మీటర్లు. అది ఏ వేగంలోనూ పూర్తి హామీ కాదనుకోండి, అయినా తెలిసి తెలిసి ఆ గీత దాటడం దేనికి? కోతలో లాగే శక్తి ఎనిమిదో వంతు తగ్గుతుంది. సన్నని, మెత్తని కర్రలో ఆ తేడా తెలియదు. గట్టి దుంగలో ఇంజన్ వేగం పడిపోయి, మళ్లీ మీరు నొక్కడం మొదలుపెడతారు.

అయితే బావగారికి ఏం చెప్పాలి? మూడు రకాలుగా మాట్లాడొచ్చు. మొదటిది, వారంటీ అయ్యేదాకా ఆగుదాం అనడం. నిజమైన కారణమే, ఆయన నొచ్చుకోవడానికేమీ ఉండదు. కాకపోతే వారంటీ అయిన మర్నాడు మళ్లీ ఇదే చర్చ వస్తుంది. రెండోది, చేయనివ్వడం. అలాగైతే జాలీ తిరిగి బిగించాలని, టాకోమీటర్‌తో మాన్యువల్‌లో ఉన్న గరిష్ఠ వేగం దాటకుండా సెట్ చేయాలని, ప్లగ్ రంగు చూస్తూ ఉండాలని ముందే మాట తీసుకోండి. ఇంజన్ పట్టేస్తే కొత్త పిస్టన్, సిలిండర్ ఖర్చు మీదేనని మనసులో సిద్ధపడండి. ఆ సంగతి తర్వాత మీ ఇద్దరి మధ్యా పుల్ల పెట్టొచ్చు. మూడోది నాకు నచ్చినది: ఆదివారం ఆయన్ని రానివ్వండి, ఆకురాయి చేతికివ్వండి. ‘బావా, ముందు చైను పదును పెట్టి చూద్దాం, అప్పటికీ కోయకపోతే విప్పుదాం’ అనండి. మెకానిక్ చేతికి 30 డిగ్రీల కోణం కుదరడం ఎంతసేపు? మీకంటే బాగా పెడతారు, మీకూ నేర్పుతారు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయడం, బార్ గాడిలో పేరుకున్న పొట్టు తీయడం, నూనె రంధ్రం మూసుకుపోయిందేమో చూడటం, బార్‌ని తిరగేసి బిగించి రెండు అంచులూ సమంగా అరిగేలా చూసుకోవడం, ఇవన్నీ ఆయన చేతికి బాగా పట్టే పనులు.

ఏదో ఒకటి మార్చి తీరాలన్న సరదా ఉంటే, దుంగని పట్టుకునే ఇనుప ముళ్లు పెద్దవి వేయించండి. పంపుకి సర్దుబాటు స్క్రూ ఉంటే, ఎండిన గట్టి కర్ర కోసేటప్పుడు నూనె కాస్త పెంచుకోండి. ఈ రెండింటివల్ల పని నిజంగా తేలికవుతుంది, ఇంజన్ జోలికి పోనక్కర్లేదు. ఆ తర్వాత కూడా ఇంకా శక్తి కావాలనిపిస్తే మీకు కావాల్సింది 60 సీసీ మిషన్, కోసిన సైలెన్సర్ కాదు.

డబ్బాలో మిగిలిన 40:1 మిశ్రమం పారబోయకండి. నెల దాటకపోతే బాగా కుదిపి వాడేయండి, తర్వాతిది 50:1 కలపండి. ఇంజన్ చల్లారాకే ట్యాంకు నింపండి, నింపిన చోటు నుంచి కనీసం మూడు మీటర్లు పక్కకి వెళ్లి స్టార్ట్ చేయండి. పని అయ్యాక చైను బిగువు కొంచెం వదులు చేసి పెట్టండి. వేడిగా ఉన్నప్పుడు బిగించిన చైను చల్లారి కుంచించుకుంటే బేరింగుల మీద లాగుడు పడుతుంది. మర్నాడు మొదలుపెట్టే ముందు మళ్లీ బిగించుకోవచ్చు: చైను బార్ అడుగున వేలాడకూడదు, గ్లవ్స్ వేసుకున్న చేత్తో లాగితే తేలిగ్గా జరగాలి.